నడుము దెబ్బ తిన్న మనిషికి చదునైన బాట

(నాందేడ్‌లో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మార్కండేయ మహర్షికి, భావనారుషికి మొక్కి మాట మొదలుపెడుతున్నాను.

ముందు మాట్లాడిన పెద్దలు నూలు ధర గురించి చెప్పారు, పిల్లల చదువుల గురించి చెప్పారు, సర్కారు పథకాల గురించి చెప్పారు. అవన్నీ అవసరమే. నేను వాటి జోలికి పోను. నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో నడుము గురించి చెప్త. నడుము దెబ్బ తిన్న మనిషి మళ్లీ లేచి నడవాలంటే ఎక్కడ నడవాలి, ఎంత నడవాలి, ఎట్ల నడవాలి, ఇంతే నా విషయం. వినడానికి చిన్న విషయమే. కానీ ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో నడుము నొప్పి లేని ఇల్లు ఎవరిదైనా ఉంటే చెయ్యి ఎత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను డాక్టర్ను కాను. సాంచాల మీద పనిచేసినవాణ్ణి. ఒకరోజు ఇద్దరం కలిసి బీము ఎత్తుతుంటే ఎదుటి మనిషికి పట్టు జారింది, బరువంతా నా దిక్కు వచ్చింది. నడుములో ఏదో తెగినట్టు అయింది, ఎడమ కాల్లోకి మంట దిగింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు డాక్టర్ల దగ్గర, ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర విన్నది, చదివి తెలుసుకున్నది, నడిచి చూసింది మీ ముందు పెడుతున్నాను.

మన పనే నడుము మీద పని

గుంట మగ్గం సంగతి చూడండి. కాళ్లు గుంటలో, కూర్చునేది అంచు మీద, ఒంగేది ముందుకు. ఒక చేత్తో తాడు లాగాలి, ఒక చేత్తో పలక కొట్టాలి, కింద కాళ్లతో తొక్కాలి. వెనక ఆనుకునేందుకు ఏమీ ఉండదు. పొద్దున కూర్చుంటే చీర గజాలు లెక్కపెట్టుకుంటూ పొద్దుగూకుతుంది. సాంచాల మీదైతే రోజంతా నిలబడి ఉండాలి, పోగు తెగితే ఒంగాలి, బీము అయిపోతే ఎత్తాలి.

ఇక ఆడవాళ్లు. కండెలు చుట్టేది వాళ్లే, ఆసు పోసేది వాళ్లే. సోలాపూర్‌లో, నిజామాబాద్‌లో మన ఆడపడుచులు ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి బీడీలు చుట్టారు, ఇప్పటికీ చుడుతున్నారు. ఆ పని అయ్యాక నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, పిల్లగాడు, అన్నీ ఆ నడుము మీదనే. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షలకు పైగా ఉంటే, అందులో నూటికి 72 మంది ఆడవాళ్లే. అందుకని నడుము నొప్పి అంటే మగ్గం మీది మగవాడి జబ్బు అనుకోవద్దు.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్తుంది. పనిచేయలేని స్థితికి మనుషుల్ని తెచ్చే కారణాల్లో ఇదే మొదటిదని కూడా ఆ సంస్థ మాట. తేడా ఏందంటే, నెలజీతం ఉన్నవాడు నడుము పట్టేస్తే సెలవు పెడతాడు. మనకు మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది.

పడుకోవాలా, నడవాలా?

నడుము పట్టిందంటే ఇంట్లో వాళ్లు చెప్పే మొదటి మాట: "కదలకు, పండుకో." ప్రేమతోనే చెప్తారు. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి బాగా ఉన్నప్పుడు వాలడంలో తప్పు లేదు. కానీ వారాల తరబడి మంచం పట్టి ఉండమని ఇప్పుడు వైద్యులు చెప్పడం లేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నడుము నొప్పి మీద మొట్టమొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేటట్టు చెప్పడం, వ్యాయామం చేయించడం అందులో ముఖ్యమైనవి. నడుముకు బెల్టులు, లాగుడు చికిత్స లాంటివి మామూలుగా వద్దన్నది.

కదలాలని ఎందుకంటున్నారు? వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు ఉంటాయి, డిస్కులు అంటారు. పెద్దవాళ్లలో వాటి లోపలికి రక్తనాళాలు పోవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషణే వాటికి ఆధారం. పైగా పడుకుని ఉంటే నడుము పట్టి ఉంచే కండరాలు రోజురోజుకూ నీరసపడతాయి. అన్నిటికంటే పెద్ద నష్టం భయం. కదిలితే ఏదో విరిగిపోతుందని మనసులో పడితే, దెబ్బ మానినా మనిషి లేవడు.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఫిజియోథెరపిస్టు సలహాతో కొద్దికొద్దిగా నడక పెంచుకుంటూ పొమ్మన్నారు. ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా చేరాలన్నది లెక్క. రెండో జట్టుకు ఏమీ చెప్పలేదు. నడిచిన జట్టులో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది. ఏమీ చేయని జట్టులో 112 రోజులకే తిరగబెట్టింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇది నొప్పి తగ్గినవాళ్ల మీద చేసిన పని. నిన్న పడి ఇవాళ లేవలేని మనిషికి ఈ లెక్క కుదరదు. అయితే పైసా ఖర్చు లేని పని ఇంత మేలు చేస్తుందంటే మనలాంటోళ్లకు అంతకంటే మంచి కబురు ఏముంటుంది?

ముందు డాక్టరు, తర్వాత నడక

నడక గురించి చెప్పేముందు, నడవకూడని సందర్భాలు చెప్పాలి. ఈ ముక్క శ్రద్ధగా వినండి. ఇంటికి పోయి చెప్పండి.

మూత్రం, దొడ్డి ఆపుకోవడం మీద పట్టు తప్పినా, మూత్రం రాక ఇబ్బంది అయినా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కి స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రికే పెద్దాసుపత్రికి పోవాలి. నరాలు నలుగుతున్న గుర్తు అది. ఆలస్యమైతే నష్టం అట్లనే ఉండిపోవచ్చు. కాలు రోజురోజుకూ బలం తప్పుతున్నా, పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా అదే తొందర. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఎత్తు మీద నుంచి పడినా ముందు డాక్టరు చూడాలి. అరవై దాటిన అమ్మలు చిన్నగా జారిపడ్డా సరే, ఎముకలు గుల్లబారి ఉంటే వెన్నుపూస నలిగిపోయి ఉండొచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు ఎంత నడవాలో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

ఇంకో రకం ఉంది. కొందరు పెద్దవాళ్లు నాలుగు అడుగులు వేయగానే రెండు కాళ్లు బరువెక్కి, కూర్చుంటేనో, ముందుకు ఒంగితేనో నెమ్మదిస్తాయి. వెన్నులో నరం పోయే దారి ఇరుకైతే ఇట్ల అవుతుంది. వాళ్లకు నడక ఒక్కటే సరిపోదు, చూపించుకుని వాళ్లకు తగిన కసరత్తు తెలుసుకోవాలి.

ఇవేవీ లేవని డాక్టరు చూసి చెప్పాక, "ఇక నడువు" అన్నాక, అప్పుడు నేను చెప్పే సంగతి మొదలవుతుంది.

బాటను కూడా బట్టను చూసినట్టు చూడాలి

"నడువు" అని డాక్టరు ఒక్క ముక్కలో అంటాడు. ఎక్కడ నడవాలో చెప్పడు. మన గల్లీల్లో నాలుగు అడుగులకు ఒక గుంత, ఐదో అడుగుకు మోరీ మీద బండ, ఆరో అడుగుకు మోటార్ సైకిల్. మంచి నడుము ఉన్నవాడు చూసుకోకుండానే దాటిపోతాడు. నడుము దెబ్బ తిన్నవాడికి అడుగడుగూ లెక్కే. అకస్మాత్తుగా కాలు గుంతలో పడి ఒళ్లు ఝల్లుమన్నదంటే పది రోజుల బాగు పోతుంది. అందుకని బాట ఎంచుకోవడానికి నేను నాలుగు చూపులు పెట్టుకున్నాను.

మొదటిది, చదును. కంటికి చదునుగా కనిపించిందల్లా చదును కాదు. మనింట్లో ఖాళీ కండె ఉంటుంది గదా, దాన్ని నేల మీద పెట్టి వదలండి. దొర్లిందంటే వాలు ఉంది. నిలువు వాలు కంటే అడ్డ వాలు ఎక్కువ ఇబ్బంది. రోడ్డు అంచులు నీళ్లు పోవడానికి పక్కకు వాలి ఉంటాయి. ఆ అంచున నడిస్తే ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడి నడుము ఒకవైపు గుంజుతుంది.

రెండోది, గట్టిదనం. కాలు దిగబడకూడదు, జారకూడదు. సిమెంటు బండల కంటే గట్టిపడిన మట్టి బాట ఒంటికి హాయిగా ఉంటుంది. కానీ వానాకాలంలో మన నల్లరేగడి మట్టి సంగతి తెలిసిందే, చెప్పుకు శేరు మట్టి అంటుకుంటుంది. అప్పుడు బండలే మేలు.

మూడోది, కూర్చునే తావు. వంద అడుగులకు ఒక అరుగో, బల్లో, మోకాలెత్తు గోడో ఉండాలి. మరీ కింద కూర్చుంటే లేవడం కష్టం.

నాలుగోది, ఎక్కడి నుంచైనా వెనక్కి తిరిగే వీలు. గుట్ట చుట్టు ప్రదక్షిణ లాంటి బాట వద్దు. సగం పోయాక నొప్పి వస్తే ముందుకూ అంతే, వెనక్కీ అంతే. పోయిన బాటనే తిరిగి వచ్చే బాట కావాలి. పొద్దున్నే కుక్కలు వెంటపడని చోటు, వెలుతురు ఉన్న చోటు, ఆడవాళ్లకైతే దగ్గర్లో మరుగుదొడ్డి ఉన్న చోటు అయితే ఇంకా మంచిది.

మన ఊళ్లో గోదావరి గట్టు

నడుము నొప్పికి సముద్రం ఒడ్డున నడవండని పుస్తకాల్లో, టీవీల్లో చెప్తుంటారు. మనకు సముద్రం ఎక్కడిది? మరాఠ్వాడాలో పుట్టినం, గోదావరి మన సముద్రం. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారే నది, మన ఊరి పక్క నుంచి పోయి బాసర దాటి, చివరికి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రం ఒడ్డు మనిషికి ఇచ్చేది ఏంది? చదునైన నేల, చల్లటి గాలి, కంటికి దూరం. ఆ మూడూ గోదావరి ఒడ్డున ఉన్నాయి.

2008లో గురుతాగద్దీ మూడు వందల ఏళ్ల ఉత్సవాలు ఇక్కడ జరిగినప్పుడు ఊరి రోడ్లతో పాటు నది ఒడ్డు కూడా బాగుచేశారు. నగీనా ఘాట్, బందా ఘాట్, గోవర్ధన్ ఘాట్ మీ అందరికీ తెలిసినవే. ఘాట్ అంటే మెట్లు. మెట్లు మనకు పనికిరావు. కానీ మెట్లకు పైన బండలు పరిచిన తావు ఉంటుంది, నడక అక్కడ. నీళ్లను ముట్టుకోవాలని మనసు లాగుతుంది. మొదటి నెలలో ఆ మోజు వద్దు. దిగడం సులువు, ఎక్కడం కష్టం, తడిసిన మెట్టు మీద పాచి ఉంటుంది. గోదారి తల్లికి పైనుంచే దండం పెట్టుకోండి, ఆమె ఏమీ అనుకోదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వానాకాలం. ఊరికి ఎగువన విష్ణుపురి ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తితే ఘాట్లు మునిగిపోతాయి. నీళ్లు దిగాక కూడా బండల మీద ఒండ్రు మిగులుతుంది, అది ఎండి ఊడ్చేదాకా అటు పోవద్దు. రెండు, ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ చెప్పక్కర్లేదు. పొద్దున ఏడున్నర లోపల ఇంటికి చేరాలి. సాయంత్రం బండలు వేడి కక్కుతుంటాయి, పొద్దుగూకి కాస్త చల్లబడ్డాకే పోవాలి.

సచ్‌ఖండ్ హుజూర్ సాహెబ్ ప్రాంగణం ఇంకో మంచి తావు. పాలరాయి నేల, చదునంటే చదును. 1708లో గురు గోవింద్ సింగ్ మహరాజ్ దేహం చాలించిన చోటు అది. మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన గుడి అది. వ్యాయామశాలకు పోయినట్టు పోవద్దు. తల మీద బట్ట కప్పుకుని, కాళ్లు కడుక్కుని, దర్శనానికి పోయినట్టు పోవాలి. ప్రదక్షిణ నెమ్మదిగా చేస్తే మన నడక అందులోనే అవుతుంది, పుణ్యానికి పుణ్యం. చెప్పులు విడవడానికి ఒంగకుండా, ఒకరి భుజం పట్టుకుని విడవండి. కడిగిన పాలరాయి జారుతుంది, నీళ్లు ఆరినాక నడవండి. అరికాళ్లలో తిమ్మిరి ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మధ్యాహ్నం కాలే రాయి మీద అసలు నడవొద్దు.

విష్ణుపురి దిక్కు కాళేశ్వర మందిరం దగ్గర నీళ్లు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ అక్కడిదాకా ఆటోలో పోవాలి. అంత దూరం కుదుపులు తిని పావుగంట నడిస్తే నడుముకు మిగిలేది కుదుపులే. మొదట్లో మంచి బాట అంటే ఇంటి గడప దగ్గర్నుంచి మొదలయ్యే బాట. అందం తర్వాత.

వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మా సంగతేందని అడుగుతారు. సోలాపూర్ వాళ్లకు సిద్ధేశ్వర తలావు ఉంది. భివండీలో కామత్‌ఘర్ వాళ్లకు వర్హాల దేవి తలావు ఉంది. ప్రతి ఊళ్లో ఏదో ఒక చెరువుగట్టు, ఏదో ఒక బడి మైదానం ఉంటుంది. పైన చెప్పిన నాలుగు చూపులతో మీ ఊరి బాట మీరే వెతకండి.

సముద్రం దగ్గరికి పోయినప్పుడు

మనవాళ్లు చాలామందికి ముంబైలో చుట్టాలు ఉన్నారు. వర్లీ, ప్రభాదేవి, దాదర్ దిక్కు మిల్లుల కాలం నుంచి మన తెలుగువాళ్లు ఉన్నారు. 1982 సమ్మె తర్వాత ఎందరో చెదిరిపోయినా కొన్ని కుటుంబాలు అక్కడే నిలబడ్డాయి. నేను మూడో నెలలో మా చెల్లెలు ఇంటికి పోయి పదిహేను రోజులు ఉన్నాను. వర్లీ సీ ఫేస్ మీద నడిచాను, రెండుసార్లు మెరైన్ డ్రైవ్‌కు పోయాను. రెండూ ఎత్తుపల్లాలు లేని వెడల్పాటి బాటలు. పక్కన కూర్చునే గోడ పొడుగునా ఉంటుంది. నారిమన్ పాయింట్ నుంచి గిర్గావ్ చౌపాటీ దాకా సుమారు మూడు కిలోమీటర్లు ఉంటుంది. ఒక్కరోజులో అంతా నడవాలని లేదు. నేను ఎక్కడ మొదలుపెట్టానో చూసుకుని, వెయ్యి అడుగులు పోయి, గోడ మీద కూర్చుని, వెనక్కి వచ్చేవాణ్ణి. వానాకాలంలో పెద్ద అలలప్పుడు నీళ్లు గోడ దాటి బాట మీద పడతాయి, ఆ రోజుల్లో అటు పోవద్దు.

కోస్తా ఆంధ్రకు పోయేవాళ్లు ఉంటారు. నాందేడ్ నుంచి నాగావళి ఎక్కితే విశాఖపట్నం చేరొచ్చు. అక్కడ రామకృష్ణా బీచ్ రోడ్డు నడకకు చాలా బాగుంటుంది. తెల్లవారుజామున కొంతసేపు బండ్లు ఆపి నడిచేవాళ్లకు రోడ్డు వదులుతారు. అయితే కైలాసగిరి దిక్కు పోయేకొద్దీ రోడ్డు ఎత్తెక్కుతుంది, అటు పోకుండా వెనక్కి తిరగాలి. చీరాల నేతన్నల ఊరు, పక్కనే వాడరేవు, రామాపురం. బాపట్ల దగ్గర సూర్యలంక. జాందానీ చీరలు నేసే ఉప్పాడ సముద్రం అంచునే ఉంది, అక్కడ తీరం కోతకు గురై బీచ్ రోడ్డు మాటిమాటికీ దెబ్బతింటుంది. చుట్టాలింటికి పోయినప్పుడు వీటిలో ఏదైనా చూడొచ్చు. కానీ ఇసుక సంగతి తెలుసుకుని పోవాలి.

పొడి ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి నడుముకు మంచిదనుకుంటాం. అది తప్పు. పొడి ఇసుకలో నడవాలంటే గట్టి నేల మీదకంటే ఒంటికి రెండింతలకు మించి శక్తి ఖర్చవుతుంది. కాలు దిగబడ్డ ప్రతిసారీ నడుమే లాగాలి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కానీ అది సముద్రం దిక్కు వాలి ఉంటుంది. పోయేటప్పుడు ఒక కాలు పల్లం, వచ్చేటప్పుడు ఇంకో కాలు పల్లం. ఇసుక మీదే నడవాలనుకుంటే పాటు చూసుకోవాలి. సముద్రం రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ప్రతిరోజూ ఆ వేళ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ముంబైలో పోటుపాట్ల తేడా ఎక్కువ, పాటు వేళ జుహూ లాంటి చోట వెడల్పాటి చదునైన తడి ఇసుక బయటపడుతుంది. ఆంధ్ర తీరంలో ఆ తేడా తక్కువ, అందుకని అక్కడ బీచ్ పక్కన గట్టి బాట ఉంటే దాన్నే నమ్ముకోండి.

రైల్లో పోయేటప్పుడు కింది బెర్తు అడిగి తీసుకోండి. గంటకోసారి లేచి పెట్టెలో నాలుగు అడుగులు వేయండి. సంచి మీరు ఎత్తొద్దు. సిగ్గుపడకుండా పక్కవాళ్లను అడగండి.

ఎంత నడవాలి

అడిగేవాళ్లంతా కిలోమీటర్లు అడుగుతారు. నడుముకు కిలోమీటర్లు తెలియవు, నిమిషాలు తెలుసు. నాకు ఫిజియోథెరపిస్టు చెప్పింది ఇది: నొప్పి పెరగకుండా ఎన్ని నిమిషాలు నడవగలవో చూసుకో, దానికి కొంచెం తక్కువ దగ్గర మొదలుపెట్టు. నాకు అది ఐదు నిమిషాలు. పొద్దున ఐదు, మధ్యాహ్నం ఇంట్లోనే ఐదు, సాయంత్రం ఐదు. ఒక్కసారి పదిహేను నిమిషాలు నడవడం కంటే మూడుసార్లు ఐదు నిమిషాలు మేలు. రెండు మూడు రోజులు హాయిగా ఉంటే ఒకటి రెండు నిమిషాలు కలపాలి. లేకుంటే అక్కడే ఆగాలి. నేత నేర్చుకునే పిల్లగాడికి మొదటిరోజే పెద్దంచు చీర ఇవ్వం గదా, ఇదీ అంతే.

నొప్పి అసలే ఉండకూడదనుకుంటే ఎప్పటికీ నడవలేం. కొద్దిగా నొప్పి ఉండి, ఇంటికొచ్చి కాసేపట్లో తగ్గిపోతే, మర్నాడు పొద్దున లేచేసరికి ఎప్పటిలాగే ఉంటే సరైన కొలతలోనే ఉన్నట్టు. మర్నాటికి బిగుసుకుపోతే నిన్న ఎక్కువైనట్టు, సగం తగ్గించండి, మానేయొద్దు. కాల్లోకి దిగిన నొప్పి విషయంలో ఒక గుర్తు ఉంది. పిక్కలో ఉన్న నొప్పి తొడలోకి, తొడలోంచి నడుములోకి పైకి వస్తుంటే, నడుములో కాస్త ఎక్కువ అనిపించినా, వైద్యులు దాన్ని మంచి గుర్తుగానే చూస్తారు. నడిచేకొద్దీ నొప్పి కిందికి, పాదం దాకా దిగుతుంటే ఆగి డాక్టరుకు చెప్పాలి.

చేతులు ఊపుతూ నడవండి, జేబులో పెట్టుకోవద్దు. వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు వేళ్లతో పట్టి లాగాల్సి వస్తుంది. ఫోన్లో తల వంచుకుని నడవొద్దు. అందులో అడుగుల లెక్క చూసి పక్కింటివాడితో పందెం వేసుకోవద్దు.

బాట కంటే కష్టమైనది

ఇప్పటిదాకా బాట గురించి చెప్పాను. అసలు కష్టం బాటది కాదు, మాటది. నేను మొదటి నెలలో ఘాట్ మీద నడుస్తుంటే నా వెనక ఒకరు ఇంకొకరితో అన్న మాట నా చెవిన పడింది: "పని చేతకాదు గానీ షికారు చేతనైతది. ఆడిది సాంచాల కాడ సస్తున్నది." ఆ రోజు ఐదు నిమిషాలు కూడా నడవలేకపోయాను. మర్నాటి నుంచి నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు. ఐదో రోజు నా భార్యే అన్నది: "వాళ్లు వచ్చి మన బీము ఎత్తుతరా? లే, నేనూ వస్త." పనికి పోయేముందు పావుగంట నాతో నడిచింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అన్నా నాకు వినపడలేదు.

అందుకే చెప్తున్నాను. నడుము దెబ్బ తిన్న మనిషి నడవడం షికారు కాదు, అది అతని ఆ రోజు పని. మాత్ర వేసుకున్నట్టే అది. ఆడమనిషి నడిస్తే ఇంకా రెండు మాటలు ఎక్కువ పడతాయి. కోడలు పొద్దున్నే అరగంట బయటికి పోయి నడుస్తానంటే అత్తమ్మలు పంపించాలి, వీలైతే వెంట పోవాలి. కోడలి నడుము నిలిస్తేనే ఇల్లు నిలుస్తుంది.

పనికి తిరిగి పోయే సంగతి కూడా చెప్పాలి. నడక అరగంట వచ్చింది గదా అని పోయి బీము ఎత్తొద్దు. నడక వేరు, ఎత్తుడు వేరు. నేను మొదట కండెల దగ్గర రోజుకు రెండు గంటలు కూర్చున్నాను, తర్వాత సగం పూట, తర్వాత సాంచాల మీదికి. బీము మాత్రం ఇప్పటికీ నేను ఎత్తను. మగ్గం మీదివాళ్లు అరగంటకోసారి లేవండి. ఒక కండె అయిపోయిందంటే లేచి నిలబడి, రెండు అడుగులు వేసి, మళ్లీ కూర్చోండి. పనిలో పోయే ఆ రెండు నిమిషాల కూలి, మంచం మీద పోయే రెండు నెలల కూలి కంటే చాలా తక్కువ.

చివరగా మన సమాఖ్యకు మూడు విన్నపాలు.

ఒకటి. ప్రతి ఊరి సంఘం తమ ఊళ్లో చదునైన నడక బాటలు ఏవో చూసి, ఎక్కడ మొదలు, ఎక్కడ కూర్చునే తావు, వానాకాలంలో పనికొస్తుందా లేదా, ఒక్క కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఫోన్ గ్రూపుల్లో పంపాలి. ఖర్చు లేని పని.

రెండు. మన మార్కండేయ మందిరాల హాళ్లు, మంగళ కార్యాలయాలు ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. వానాకాలం నాలుగు నెలలు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా నడిచేవాళ్లకు తలుపు తీసి పెట్టాలి. చదునైన నేల, పైకప్పు, కుర్చీలు, మరుగుదొడ్డి, అన్నీ అక్కడే ఉన్నాయి. తాళంచెవి తీసుకుని వచ్చే మనిషి ఒక్కడు కావాలి, అంతే.

మూడు. ఎవరికైనా దెబ్బ తగిలిందని తెలిస్తే పండ్లు పట్టుకుని పోయి మంచం పక్కన కూర్చుని వస్తాం. అది మంచి ఆనవాయితీనే, మానవద్దు. దానితో పాటు ఒకరు ముందుకొచ్చి, "రేపు పొద్దున ఆరింటికి వస్త, ఇద్దరం కలిసి ఘాట్ దాకా పోదాం" అనాలి. ఒంటరిగా ఐదు నిమిషాలు నడవలేని మనిషి, పక్కన మాట్లాడే తోడుంటే పది నిమిషాలు నడుస్తాడు.

మన చేతి బలం లోకానికి తెలుసు. అందరికీ బట్ట కట్టిన చేతులు ఇవి. ఆ చేతుల్ని మోసేది నడుము. దాన్ని కాపాడుకునే బాట మన ఊళ్లోనే ఉంది, నది పక్కనే ఉంది.  ఒక్క మాట, నేను మాట్లాడుతున్నంతసేపూ మీరు కూర్చునే ఉన్నారు. చప్పట్లు కొట్టేముందు ఒకసారి లేచి నిలబడండి.

జై మార్కండేయ!